తోక ఎందుకు ముడుచుకుంది?

చదవడంలో వెనుకబడిన ఆరుగురు పిల్లల బాధ్యతను నాకు అప్పగించినప్పుడు వారికి ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసుండేది. అక్షరాలూ గుణింతాలూ వచ్చు. వాక్యం ఎదురైతే మాత్రం కూడబలుక్కుంటూ చదివేవారు, ఒత్తు కనబడితే ఆగిపోయేవారు, చివరి పదానికి చేరేసరికి మొదటిది మరిచిపోయేవారు. దీన్ని మందబుద్ధి అనుకోవడం పెద్ద అన్యాయం. పదాలను పోల్చుకోవడానికే ధ్యాసంతా సరిపోతే అర్థానికి మిగిలేది తక్కువేనని లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు 1974లోనే వివరించారు. చిన్న భాగాన్నే సాఫీగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని గురించి శామ్యూల్స్ 1979లో రాశారు. నేను ఆ పద్ధతినే పట్టుకున్నాను గానీ, కారణం చెప్పకుండా చదివిందే చదవమనేసరికి పిల్లలకు అది శిక్షలా తోచింది. మొదటి నెల అలాగే గడిచిపోయింది.

ఆ తరువాత వానలో దారి తప్పిన కుక్కపిల్ల కథ ఉన్న ఒక బొమ్మల పుస్తకం తెచ్చాను. తొలిరోజు వారిచేత చదివించకుండా నేనే పైకి చదివాను. మరునాడు నాతో గొంతు కలపమన్నాను. ఆపైన ఇద్దరిద్దరినీ జతగా కూర్చోబెట్టాను. రచయిత్రికి ఉత్తరం రాద్దామని, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడగవచ్చని, అయితే ఆ ప్రశ్న ఏ పేజీలో పుట్టిందో నాకు చదివి చూపాలని చెప్పాను. అంతే, మళ్లీ చదవమని నేను బతిమాలవలసిన అవసరం లేకపోయింది.

వారిలో అందరికన్నా తక్కువ మాట్లాడే పిల్లవాడు ‘నిశ్శబ్దం’ అనే పదం దగ్గర రోజూ ఆగేవాడు. ‘ని’ అని, ‘శ్శ’ మీద వేలు ఆనించి, ‘బ్ద’ కనబడగానే బిక్కమొహంతో నా వైపు చూసేవాడు. ఒకరోజు అదే పేజీ తెరిచి, “టీచర్, దానికి భయం వేయలేదని రాశారు కదా, మరి తోక ఎందుకు కాళ్ల మధ్యకు ముడుచుకుంది?” అన్నాడు. ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు చదివిన నేను ఆ తోకను ఒక్కసారైనా గమనించలేదు. అక్షరాల దగ్గర తడబడే పిల్లలు బొమ్మను ఎంత శ్రద్ధగా చదువుతారో అప్పుడు అర్థమైంది.

ఉత్తరంలో తప్పులు దిద్ది పంపమని తోటి ఉపాధ్యాయులొకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఎర్ర సిరా పడితే ఆ ప్రశ్న ఇక వాడిది కాకుండా పోతుందని నాకు గట్టిగా అనిపించింది.

మూడు వారాల తరువాత రచయిత్రి ఆరుగురికీ విడివిడిగా జవాబులు రాశారు. వాడికి వచ్చిన జవాబు నాలుగే వాక్యాలు: “భయం వేయలేదని కుక్కపిల్ల తనకు తాను చెప్పుకుంది. నేను దాని మాట రాశాను. బొమ్మ వేసినవారు దాని తోకను గీశారు. నువ్వు రెండూ చూశావు.”

వాడు ఆ కాగితాన్ని కూడబలుక్కుంటూనే రెండుసార్లు చదువుకున్నాడు. తరువాత పుస్తకం తెచ్చి, ఆ పేజీని పక్కనున్న పిల్లకు చదివి వినిపించాడు. ‘నిశ్శబ్దం’ దగ్గర ఒక్క క్షణం ఆగినా నా వైపు చూడలేదు. ‘నాకేం భయం వేయలేదు’ అన్న వాక్యం రాగానే, భయాన్ని దాచుకుంటున్నవాడిలా గొంతు సన్నగా వణికించి చదివాడు.