నీళ్లు రాని రోజు

ఇవాళ మా వీధికి నీళ్లు లేవు. మా వైపు కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. సాగర్ కుడి కాలవ నీళ్లు చెరువులో నింపుకుని, అవే ఒంగోలు ఊరంతటికీ సర్దుతారు కాబట్టి మే నెలలో ఈ మాత్రం వస్తే చాలనుకోవాలి. వచ్చే రోజయితే తెల్లారకముందే కుళాయి బుసబుసమని గాలి వదుల్తుంది. ఆ చప్పుడుకి ఇల్లంతా లేస్తుంది. రాని రోజు మంచం దిగడానికి పనంటూ ఏదీ కనపడదు. సర్వీసులో ఉన్నప్పుడు సెలవు నాడు కూడా మెలకువ దానంతటదే వచ్చేది. రిటైరయి ఏడాది తిరిగేసరికి ఒళ్లు ఆ సంగతే మర్చిపోయింది.

పొదిలి రోడ్డు మీద కండక్టరుగా తిరిగినన్నాళ్లు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో డ్యూటీ చార్టే చెప్పేది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు ఎన్ని అడ్డం పడ్డా మన టైము మనదే. ఇంటిపట్టున ఉండటం మొదలెట్టాక నేనూ ఒక చార్టు రాసి ఫ్రిజ్‌కి అతికించా. అయిదుకి లేవడం, అయిదుంబావుకి నడక, ఆరున్నరకి ప్రాణాయామం, అట్టా రాత్రి పడుకునేదాకా. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "మధ్యలో టిఫినుకి ఆపుతారా, నాన్‌స్టాపా?" అంది. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. ఇప్పుడు దాని మీద పాల లెక్కలు వేస్తోంది.

ఆ చార్టులో లేనిది ఒకటి మాత్రం నిలబడిపోయింది. ఏళ్ల తరబడి నిలబడి చేసిన ఉద్యోగం కదా, ఎడమ పిక్క మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి పైకి తేలాయి. మడమలు ఎత్తి దించే కసరత్తు చెయ్యమన్నాడు డాక్టరు. కాళ్లలోకి దిగిన రక్తాన్ని మళ్లీ గుండె వైపు తోసేది పిక్క కండే. కదలకుండా నిలబడితే ఆ తోపు ఉండదు, రక్తం కిందే నిలిచి నరం సాగుతుంది. నీళ్లు పట్టేటప్పుడు డ్రమ్ము దగ్గర నేనెటూ కాపలా ఉండాల్సిందే, లేకపోతే పొర్లిపోతాయి. ఒకరోజు డ్రమ్ము అంచు పట్టుకుని మడమలు ఎత్తడం మొదలెట్టా. ఎత్తి, వేళ్ల మీద కాసేపు ఆగి, నిదానంగా దించాలి. టపుక్కున దించితే లాభం లేదు, నిదానంగా దించితే దించేటప్పుడు కూడా పిక్కకి పని పడుతుంది. డ్రమ్ములో నీళ్ల మోత బొంగురుగా మొదలై, నిండేకొద్దీ సన్నబడి, అంచు దగ్గరికి వచ్చేసరికి ఈలలా అవుతుంది. ఆ ఈల వినపడితే ఆపేస్తా. లెక్క పెట్టే పని లేదు, గడియారం చూసే పనీ లేదు.

అప్పుడు తట్టింది అసలు సంగతి. రైలు కోసం స్టేషన్ దగ్గర ఆగే కనెక్షన్ బస్సుకి టైముతో ఏం పని? రైలొస్తే అది కదుల్తుంది. ఇంట్లో ఉండేవాడి పని కూడా అట్టాంటి దాని వెనకాల పెట్టుకుంటేనే కదుల్తుంది. అయిదుంబావు అనేది ఇంట్లో ఎవరికీ పట్టని మాట. కుళాయి, కుక్కరు, భోజనం మాత్రం మనం పిలవకపోయినా వస్తాయి.

మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా, "నాన్నా, ఇరవై ఒక్క రోజులు వరసగా చెయ్యండి, అలవాటయిపోద్ది" అంటుంది. పక్కింట్లో గ్రూప్స్‌కి చదివే కుర్రాడు ఆ లెక్క ఉత్తిదే అన్నాడు. లండన్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు 96 మందిని పెట్టుకుని చూశారంట, 2009లో బయటపెట్టారు. ఒకడికి 18 రోజులకే కుదిరితే ఇంకొకడికి 254 పట్టేట్టు తేలింది. సగటున 66. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన మొదటికి రాలేదంట. నాకు నచ్చింది ఇంకోటి ఉంది. వాళ్లలో ఎవరినీ ఫలానా గంటకి చెయ్యమనలేదు, టిఫిను తర్వాతో, భోజనంతోనో, రోజూ జరిగే ఏదో ఒక దానికి ముడి పెట్టుకోమన్నారు. దాదాపు అంతా కుర్రాళ్లేలే, మా ఈడు వాళ్లని పెడితే ఎన్ని రోజులు పట్టేదో!

నీళ్లు లేని రోజుకి ముడి ఎక్కడ వెయ్యాలన్నదే ఇన్నాళ్లూ తేలలేదు. ఇవాళ వంటింటి గట్టు పట్టుకుని కుక్కరు పక్కన నిలబడ్డా. ఆవిరి పట్టి మొదటి కూత వచ్చేదాకా మడమలు, పప్పుడికేదాకా మళ్లీ మడమలు. "ఈ ఉక్కలో మీరొకరు అడ్డం" అని ఆవిడ గరిటె చూపించింది గానీ బయటికి మాత్రం పంపలేదు. ఉల్లిపాయలు నా ముందుకి జరిపింది. కాళ్లు వాటి పని, చేతులు వాటి పని. రేపట్నుంచి కూరగాయలన్నీ నాకే పడేట్టున్నాయి.

పొద్దున నడక గురించి పెద్దగా రాసేదేం లేదు. గ్రౌండుకి పోతే మావాళ్లంతా కనపడతారు, రెండు రౌండ్లు తిరిగి టీ బంకు దగ్గర చేరతారు. టీ ఒకటే అయితే ఫర్వాలేదు, పక్కనే బజ్జీల మూకుడు పొయ్యి మీద ఉంటుంది. అందుకని నడక మధ్యాహ్నం భోజనం వెనకాలకి మార్చుకున్నా.

ఈ ఎండల్లో మధ్యాహ్నం నడకేందని అడుగుతారు. ఇంట్లోనే. కంచం కడిగి, వసారా నుంచి పెరటి గుమ్మం దాకా పోతూ వస్తూ ఉంటా, పావుగంట. మూడు నెలల సగటు షుగరు నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టు లెక్క. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, బతికినన్నాళ్లూ రక్తంలో చక్కెర దానికి అంటుకుంటూనే ఉంటుంది. అందుకే టెస్టు ముందు రోజు ఉపవాసం ఉండి ల్యాబులో మాయ చేద్దామంటే కుదరదు. తిన్నాక నడిస్తే కదిలే కండ ఆ చక్కెరని లాక్కుంటుంది. తిన్నదే తడవుగా మంచమెక్కితే అది రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. నడిచాక అరగంట కునుకు, అలారం పెట్టుకునే. అంతకి మించితే రాత్రి ఒంటిగంట దాకా ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకోవాలి.

షుగరు సంగతి ఇట్టా ఏదో తీరుతోంది. ఉప్పు దగ్గరే మా ఇంట్లో పేచీ. రోజుకి 5 గ్రాములు దాటొద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ దాదాపు అదే. అంటే వంటకీ మజ్జిగకీ పచ్చడికీ అన్నిటికీ కలిపి ఒక చిన్న చెంచాడు. ఆ చెంచాడు తీసి అరచేతిలో పోసి ఆవిడకి చూపించా. "ఇది గోంగూరకే చాలదు" అంది. నిజమే, చాలదు. మజ్జిగలో ఉప్పు మానేశా, పెరుగన్నంలో మాగాయ ముక్క మానలేదు. ప్రకాశం జిల్లాలో పుట్టి పచ్చడి లేకుండా అన్నం తినమంటే అది డాక్టరు సలహాలా ఉండదు, శిక్షలా ఉంటుంది.

సాయంత్రం కొత్తపట్నం వైపు నుంచి పైరగాలి తిరిగాక డాబా ఎక్కా. రోహిణి ఇంకా రానేలేదు, అప్పుడే డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కేట్టుంది. కూరగాయలు కడిగిన నీళ్లు రెండు బకెట్లు మోసి బచ్చలికీ కరేపాకుకీ పోశా. మెట్లు ఎక్కి దిగడం అందులోనే అయిపోయింది.

ఇప్పుడు ఇది రాస్తుంటే ఆవిడ రేపటి పని చెప్పింది. నీళ్లు పట్టడం కాగానే మార్కెట్టుకి పోయి ఆవకాయకి కాయలు తేవాలంట. పీచున్న పుల్లకాయ, టెంకె ముదిరింది చూసి తీసుకోవాలి, అక్కడే కత్తిపీట వాళ్ల దగ్గర కొట్టించుకోవాలి. ఎండెక్కితే వరస పెరుగుద్ది, పెందలాడే పొమ్మంది. మిగతా సరుకులు ఒక చీటీ మీద రాసి చేతికిచ్చింది. కారం, ఆవపిండి, నువ్వుల నూనె, మెంతులు, అన్నిటికన్నా పైన పెద్దక్షరాలతో: రాళ్లుప్పు, రెండు కిలోలు.