మిల్లు రోజు ఎప్పుడు మొదలవుతుంది?

పర్లాకిమిడి, 2024 జనవరి 4, గురువారం.

మంచు ఇంకా విడవకముందే పాతపట్నం దారిలో ఉన్న బియ్యం మిల్లు గుమస్తా గారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ కంప్యూటరు చూపించే యూనిట్లు మా కాపలాదారు పుస్తకంతో కలవడం లేదు. షావుకారు గారు అడిగితే ఏ లెక్క చెప్పమంటావు?" అని అడిగారు. మిల్లు మీటర్ల రీడింగుల నుంచి నా ప్రోగ్రాము తయారు చేసే పట్టిక ఒకటో తేదీకి 437.1 యూనిట్లు చూపుతోంది. పుస్తకం ప్రకారం 412.5 మాత్రమే. ఉప్పుడు బియ్యానికి డ్రయ్యరు రాత్రంతా నడిచే రోజులివి కనుక కరెంటు లెక్కలో పాతిక యూనిట్ల తేడాను ఆ మిల్లులో ఎవరూ తేలికగా తీసుకోరు.

కాపలాదారు ఒడియా ఆయన. రోజూ రాత్రి 12 గంటలకు షిఫ్టు మారేటప్పుడు మీటరు చూసి ఒడియా అంకెల్లో రాసుకుంటారు. గుమస్తా గారు ఆ పేజీ ఫొటో పంపారు. ఒడియా రెండూ మూడూ మన తెలుగు అంకెలకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి చదవడం కష్టం కాలేదు. డిసెంబరు 31 రాత్రి 47,803.9, జనవరి 1 రాత్రి 48,216.4. తీసివేతలో తప్పేమీ లేదు. అందుచేత తప్పు నా క్వెరీలోనే, అంటే డేటాబేసును లెక్కలు అడిగే ప్రశ్నలోనే, ఉండాలని మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మిల్లులో ఉన్న రెండు మీటర్లలో ఒకటి డ్రయ్యరుది, రెండోది మిగతా యంత్రాలది. నిమిషానికొకసారి రీడింగు, వేళతో సహా కొలతలు దాచే కైరోస్‌డీబీ అనే డేటాబేసులోకి చేరుతుంది. దాని అడుగున నిల్వ చేసే పని కసాండ్రా అనే మరో డేటాబేసుది. ఈ డేటాబేసుకు క్వెరీ అంటే చివరికి ఒక జేసన్ పత్రమే, అంటే బ్రాకెట్లు, కామాలతో ఒక పద్ధతిలో రాసిన పాఠం. మొదట్లో నేను దాన్ని స్ట్రింగులు (అక్షరాల ముక్కలు) అతికించి తయారు చేసేదాన్ని. ఎక్కడో ఒక కామా జారితే దాన్ని వెతకడానికే పూట గడిచిపోయేది. ఇప్పుడు జావా భాషలో, ఆ పత్రాన్ని తానే కూర్చిపెట్టే క్వెరీ బిల్డరుతో మెట్రిక్ (కొలత) పేరు, మొదలు, ముగింపు వేళలు, ఏ మీటరో చెప్పే ట్యాగు, గ్రూపింగు, లెక్కలు కట్టే అగ్రిగేటర్లు వరుసగా జోడిస్తాను. ఇలా రాయడంలో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ఏది చెప్పానో ఏది చెప్పకుండా వదిలేశానో కోడు చదివినప్పుడు కళ్ళకు కనబడుతుంది.

ముందుగా గ్రూపింగు చూశాను. ట్యాగు ప్రకారం విడదీయమని చెప్పకపోతే రెండు మీటర్ల రీడింగులూ ఒకే వరుసలో కలిసిపోతాయి, అప్పుడు ఒక రీడింగుకూ తరువాతి దానికీ తేడా తీస్తే ఒక మీటరులోంచి మరో మీటరును తీసివేసినట్టవుతుంది. అది సరిగానే ఉంది. తరువాత అగ్రిగేటర్ల క్రమం. ఒకదాని ఫలితం రెండోదానికి అందుతుంది కాబట్టి ముందు నిమిషాల మధ్య తేడా, ఆ పైన రోజువారీ మొత్తం రావాలి. తిరగేస్తే, పెరుగుతూ పోయే రీడింగులన్నీ రోజంతా కూడి, ఆ కూడికల మధ్య తేడా తీయడం అవుతుంది, దానికి అర్థమే లేదు. అదీ సరిగానే ఉంది. ప్రతి రీడింగుకూ ఉండే కాలముద్ర (1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టే సమయం) మిల్లీసెకన్లలోనే ఉంది. పోయిన నెలలో సెకన్లు ఇచ్చి, రీడింగులన్నీ 1970 జనవరి 20న పడ్డాక ఇక ఆ పొరపాటు చేయడం లేదు.

అప్పుడు జవాబులో వచ్చిన కాలముద్రనే చూశాను. ఒకటో తేదీ మొత్తానికి ఎదురుగా ఉన్న సంఖ్య 1704067200000. దాన్ని మన గడియారంలోకి మార్చి చూస్తే ఉదయం 5:30 అని వచ్చింది. క్వెరీలో కాలమండలం (టైమ్ జోన్) చెప్పకపోతే కైరోస్‌డీబీ దాన్ని యూటీసీగా, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంగా, తీసుకుంటుంది. అక్కడి అర్ధరాత్రి మనకు తెల్లవారుజాము. ఆ విధంగా నా పట్టికలోని ఒకటో తేదీ, ఆ ఉదయం 5:30 నుంచి మర్నాడు 5:30 వరకు నడిచింది. రెండో తేదీ తెల్లవారుజామున డ్రయ్యరు తిన్న కరెంటు ఒకటో తేదీ ఖాతాలో పడింది. ఎక్కడా ఒక్క యూనిట్ పోలేదు, రోజులు మాత్రం మారాయి. నెల మొత్తం దాదాపు సరిపోతూ ఉండడం వల్లనే ఇన్నాళ్ళూ ఇది ఎవరి కంటా పడలేదు. అంకె నమ్మదగినట్టు కనిపించినప్పుడే ఇలాంటి తప్పు ఎక్కువ కాలం బతుకుతుందని తలచుకుంటే నాకు దిగులు వేసింది. ఆ అంకెలు చూసి వాళ్ళు డ్రయ్యరు వేళలు నిర్ణయించుకుంటున్నారు మరి.

క్వెరీకి కోల్‌కతా కాలమండలం, అంటే మన భారత సమయం, జోడించాను. ఒక్క వరుస. ఒకటో తేదీ 412.3కి దిగింది. పుస్తకంతో మిగిలిన 0.2 తేడా ఒక నిమిషం కరెంటుకన్నా తక్కువ. కాపలాదారు మీటరు దగ్గరికి నడిచి వెళ్ళేసరికి అంత కదలడం సహజమే.

సాయంత్రం గుమస్తా గారికి మూడు రోజుల లెక్కలూ చదివి వినిపించాను. ఆయన పుస్తకంలో ఒక్కొక్క వరుస పక్కన టిక్కు పెట్టుకుంటూ "ఆఁ, ఆఁ" అన్నారు. ఆ తరువాత, రాత్రి 11:59 రీడింగు పాత రోజుకూ 12:01 రీడింగు కొత్త రోజుకూ చెందుతున్నాయో లేదో చూసే పరీక్ష ఒకటి కోడులో రాశాను. కాలమండలం వరుస తీసేసి నడిపితే ఆ పరీక్ష తప్పింది, తిరిగి పెట్టగానే నెగ్గింది. ఈ రాత్రి 12కి కాపలాదారు రాసే రీడింగును కూడా రేపు పొద్దున్న ఫొటో పంపమని గుమస్తా గారిని అడిగాను.