80లో రీడైరెక్ట్, 443లో కాపలా: సర్టిఫికెట్ రెన్యువల్ ఎందుకు ఆగింది

ఇంటి వెబ్ సర్వర్ హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ రెన్యువల్ ఎట్టకేలకు పాసైంది. ఇన్నాళ్లూ అడ్డం పడింది ముఖ్యంగా ఒక్క లైను. రాసింది తప్పు కాదు, పెట్టిన చోటే తప్పు.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఎన్జింక్స్ వెబ్ సర్వర్. 80 పోర్టుకి (మామూలు హెచ్‌టీటీపీ) వచ్చినవన్నీ 443కి (హెచ్‌టీటీపీఎస్) పోవాలి. 443లో ఇంటి నెట్‌వర్క్ 192.168.1.0/24కి ‘అలౌ’, మిగతావాళ్లకి ‘డినై ఆల్’. సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్, సైటు మనదేనా అని చూసే ఆక్మీ ఛాలెంజ్ ఫోల్డర్‌కి 80లోనే విడిగా ఒక లొకేషన్ (ఆ పాత్‌కే వర్తించే బ్లాక్), అందులో ‘అలౌ ఆల్’. చూపుకి అంతా సరిగ్గానే ఉంది, డ్రై రన్‌లో (ఉత్తుత్తి రెన్యువల్‌లో) మాత్రం 403, అంటే ప్రవేశం లేదు.

మొదటి అనుమానం పర్మిషన్ల మీద. ఫోల్డర్ 755, ఫైల్ 644, అంటే ఎవరైనా చదవొచ్చు. అది కాదు. పోనీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఐపీలకే అలౌ ఇద్దామంటే వాళ్లు ఆ జాబితా బయటపెట్టరు, పైగా ఒక్క ప్రయత్నానికే వేర్వేరు చోట్ల నుంచి రిక్వెస్టులు వస్తాయి. యాక్సెస్ లాగ్ తెరిస్తే దొరికింది: ఒక్కో ఐపీకి రెండేసి లైన్లు, ముందు 80లో 301 (రీడైరెక్ట్), వెంటనే 443లో 403. ‘అలౌ ఆల్’ దాకా ఒక్క రిక్వెస్టూ చేరలేదు.

‘రిటర్న్ 301’ లొకేషన్ లోపల కాక, 80 మొత్తానికి వర్తించే సర్వర్ బ్లాక్‌లో నేరుగా ఉండటమే కారణం. ఎన్జింక్స్ ఫైల్‌ని పైనుంచి కిందికి అమలు చేయదు, దశలవారీగా నడుస్తుంది. సర్వర్ స్థాయి రీరైట్ (ఆ రిటర్న్ ఇందులోదే) ముందు, లొకేషన్ ఎంపిక తర్వాత, అలౌ-డినై ఇంకా తర్వాత. లొకేషన్‌ని రిటర్న్‌కి పైన రాసినా, కింద రాసినా ఒకటే. రిటర్న్‌ని ‘లొకేషన్ /’ లోపలికి జరిపితే 403 పోయింది, 404 (ఫైల్ దొరకలేదు) వచ్చింది! ఈసారి ‘ఏలియాస్’ పుణ్యం. రెన్యువల్ చేసే ప్రోగ్రామ్ సర్ట్‌బాట్, వెబ్‌రూట్ (సైటు ఫైళ్ల ఫోల్డర్) కింద పూర్తి పాత్‌తో ఫోల్డర్లు తనే కడుతుంది, ఏలియాస్ ఆ పాత్‌ని కోసేసి వెతుకుతుంది. ‘రూట్’ పెట్టాక పాస్.

ఇలాంటి తప్పు వెంటనే బయటపడదు. సర్టిఫికెట్ 90 రోజులది, సర్ట్‌బాట్ కదిలేది 30 రోజులు మిగిలాక. కాన్ఫిగ్ మార్చిన సంగతి మర్చిపోయాకే రెన్యువల్ ఫెయిలవుతుంది. ఇంటి వైఫై నుంచి టెస్ట్ చేస్తే 443లోనూ అలౌ ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మొబైల్ డేటా మీద కర్ల్ అనే కమాండ్‌తో చూడాలి. బ్రౌజర్‌ని నమ్మొద్దు, పాత 301ని దాచుకుని అదే చూపిస్తుంది. లైవ్‌లో గంటకి 5 సార్లు ఫెయిలైతే ఆపేస్తారు కనుక డ్రై రన్నే మేలు.

ఫోన్‌కి వైఫైలోనే 403 వచ్చింది: అది ఐపీవీ6 అడ్రస్‌తో వస్తోంది, 192.168.1.0/24లోకి రాదు. ఇంటి ఐపీవీ6 ప్రిఫిక్స్‌ని అలౌలో చేర్చగానే పోయింది.

ఇదంతా కాడీ అనే వెబ్ సర్వర్ అయితే తనే చూసుకునేది, ఒప్పుకోవాల్సిందే. కానీ రూల్ ఎక్కడ తగిలిందో లాగ్‌లో పట్టుకోవడానికి ఎన్జింక్సే అలవాటైంది. 

తర్వాత డీఎన్‌ఎస్-01 ఛాలెంజ్ (ఫైల్ బదులు డీఎన్‌ఎస్ రికార్డుతో సైటు మనదని చూపడం) ప్రయత్నించాలి. అది కుదిరితే 80లో ఆ ప్రత్యేక లొకేషన్ అక్కర్లేదు. ‘శాటిస్‌ఫై ఎనీ’తో (ఐపీ గానీ, పాస్‌వర్డ్ గానీ ఏదో ఒకటి సరిపోతే చాలు) బయటివాళ్లకి పాస్‌వర్డ్ దారి కూడా తెరవాలి. హెచ్‌ఎస్‌టీఎస్‌ని (హెచ్‌టీటీపీఎస్‌లోనే రమ్మని బ్రౌజర్‌కి చెప్పే ఆదేశం) ముందు 300 సెకన్లతో పెట్టి, వారం చూశాకే 31536000 (ఏడాది).