పాజ్ నొక్కి చెప్పిన పాఠం

బిట్రగుంటలో పాసింజర్ ఎక్కి కావలి కాలేజీకి వచ్చే మాకు ఇంగ్లీషంటే గ్రామరే. యాక్టివ్‌ని పాసివ్ చేయమంటే చేసేవాళ్లం. ఎవరినైనా ఏదైనా అడగాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

1998లో, మేం డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, మా ఇంగ్లీషు మేడమ్ క్లాసులోకి టీవీ, వీసీఆర్ తెప్పించారు. సినిమా అనగానే వెనక బెంచీలు ఖాళీ. ఆమె వేసింది 1957 నాటి ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’. దాదాపు సినిమా అంతా ఒకే గది, ఒక హత్య కేసులో నిందితుడు దోషా కాదా తేల్చాల్సిన పన్నెండు మంది జ్యూరీ సభ్యులు. మొదటి ఓటింగులో పదకొండు మంది నిందితుడైన కుర్రాడు దోషే అంటే ఒక్కడు కాదంటాడు. పాటల్లేవు, ఫైట్లు లేవు. మొదట్లో నీరసపడ్డాం.

మేడమ్ సౌండ్ తీసేసి, “ఈయన ఏం చేస్తున్నాడు? అడుగుతున్నాడా, ఒప్పుకుంటున్నాడా, కాదంటున్నాడా?” అనేవారు. మొహాలు చూసి చెప్పాలి. తర్వాత సౌండ్ పెట్టి అదే ముక్క మళ్లీ వేసేవారు. పాజ్ నొక్కితే బొమ్మ మీద తెల్ల గీతలు వణికేవి. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏం కావాలని అన్నారో నోట్సులో రాయాలి. మాటతో మనం చేసే ఆ పనినే ఫంక్షన్ అంటారని అలా తెలిసింది. 1970లలోనే విల్కిన్స్ లాంటి భాషాబోధన పండితులు సిలబస్‌నే ఈ లెక్కన కట్టాలన్నారట.

ఒకరోజు మేడమ్ అడిగారు: “మనం కూర్చో అన్నదాన్ని కూర్చోండి అంటే చాలు, మర్యాద వచ్చేస్తుంది. ఇంగ్లీషువాళ్లకు చిన్నా పెద్దా అందరికీ యూ ఒక్కటే. మరి మర్యాద ఎక్కడ పెడతారు?” ఎవరూ పలకలేదు. బోర్డు మీద ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ మైండ్’, ‘ఐ వజ్ వండరింగ్’ రాశారు. అడిగేది ఇప్పుడే అయినా ‘వజ్’ అనడం, ఒక అడుగు వెనక్కి వేసి అడగడమే అన్నారు. నా చదువులో అంత స్పష్టంగా అర్థమైన పాఠం ఇంకొకటి లేదు.

2003లో నాన్నను మద్రాసు ఆస్పత్రిలో చేర్చాం. ఐసీయూ తలుపు దగ్గర నర్సుకు తెలుగు రాదు, నాకు అరవం రాదు. “ఐ వాంట్ టు సీ మై ఫాదర్” అన్నాను. విజిటింగ్ టైం అయిపోయిందని తల తిప్పేసుకుంది. కాసేపాగి మళ్లీ వెళ్లాను. “ఐ వజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ సీ మై ఫాదర్, జస్ట్ ఫర్ ఎ మినిట్” అన్నాను.

ఆమె తలెత్తి చూసి, చెప్పులు అక్కడ విడిచి రమ్మని చేత్తో చూపించింది.