అక్షరాస్యత, ప్రకటనలు: రెండు అసైన్‌మెంట్లు గట్టెక్కిన నా అనుభవం

విజయనగరంలో డిగ్రీ చదువుతున్న నాకు ఈ సెమిస్టరులో రెండు అసైన్‌మెంట్లు ఇచ్చారు. మొదటిది అక్షరాస్యత గురించి, రెండవది వాణిజ్య ప్రకటనల గురించి. రెండూ ఎట్టకేలకు ఆమోదం పొందాయి. వాటిని రాయడానికి పడ్డ శ్రమ కన్నా, రాసినది నేనేనని, రాయదగిన విషయమే రాశానని ఒప్పించడానికి పడ్డ శ్రమ ఎక్కువ. వచ్చే ఏడాది ఇవే అంశాలు తీసుకునే వారికి పనికివస్తుందనే ఉద్దేశంతో, మనసులో ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను.

అంశాల ఎంపిక, పేరు నమోదు, గడువు తేదీ తెలుసుకోవడం వంటివన్నీ ఒక్క పూటలో తేలిపోయాయి. అక్షరాస్యతకు కావలసిన లెక్కలు దొరకడమూ కష్టం కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళం జిల్లాది 61.74 శాతం. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం విడిపోకముందు ఉన్న ఉమ్మడి జిల్లా లెక్క ఇది. మా జిల్లా మహిళల్లో చదవడం, రాయడం వచ్చినవారు సగానికి కాస్త తక్కువే. ఏడేళ్లు, అంతకు పైబడిన వయసుండి, ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగినవారినే జనాభా లెక్కలు అక్షరాస్యులుగా గుర్తిస్తాయి. అయితే లెక్కలు రాసేవారు ఇంటికి వచ్చి అడిగి రాసుకుంటారు తప్ప ఎవరికీ పరీక్ష పెట్టరు. నా రాత మొత్తం ఈ ఒక్క సంగతి దగ్గర మలుపు తిరిగింది.

మాది చీపురుపల్లి వైపు ఒక పల్లె. మా అమ్మ డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. ఆ సంఘంలో వేలిముద్ర వేసేవారు ఇప్పుడు ఎవరూ లేరు, అందరూ సంతకం చేస్తారు. ఇంటికి వచ్చి అడిగితే వారిలో చాలామంది చదవడం వచ్చుననే చెబుతారు, అందులో అబద్ధమూ లేదు. సంఘం సమావేశం అయ్యాక నేను దినపత్రికలో పెట్టి పంచిన కరపత్రాలు, పత్రికల్లోని ప్రకటనలు వారి ముందు పెట్టి, ఇందులో ఏముందో చెప్పమని అడిగాను. అంకెల దగ్గర వారిలో ఒక్కరూ తడబడలేదు. ధర, తగ్గింపు శాతం, ఫోన్ నంబరు గడగడా చదివారు. అక్షరాల దగ్గరకు వచ్చేసరికి పెద్దవాటిని కూడబలుక్కున్నారు, చిన్నవాటిని వదిలేశారు. ప్రకటన తయారుచేసేవారికి ఈ సంగతి మా కళాశాల కన్నా బాగా తెలుసునని నాకు ఆ రోజే అర్థమైంది.

బంగారంపై అప్పు ఇస్తామనే ఒక కరపత్రం నాకు ముఖ్యమైన ఆధారమైంది. దాని మీద బంగారు రంగులో, చాలా పెద్ద అంకెల్లో "నూటికి నెలకు 99 పైసలే వడ్డీ" అని ఉంది. మా ప్రాంతంలో వడ్డీని ఏడాదికి ఇంత శాతం అని ఎవరూ అనుకోరు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అని నూటికి నెల లెక్కనే మాట్లాడుకుంటారు. కరపత్రం సరిగ్గా ఆ లెక్కలోనే, ఆ మాటలోనే పలికింది. 99 పైసలంటే ఏడాదికి 11.88 శాతం. ఆ ధర ప్రతి నెలా వడ్డీ కట్టేవారికి మాత్రమేనని, కట్టకపోతే పెరుగుతుందని, అదనపు రుసుములు ఉంటాయని అడుగున సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. మా పక్కింటి అత్త దాన్ని చూసి, "పైనున్నది సదివీసినాను గానీ, కింద సీమలు బారు కట్టినట్టున్నాది, అదేటమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నను యథాతథంగా అసైన్‌మెంట్‌లో రాశాను.

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు, సవర గిరిజనుల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆ మార్గాన్ని బాగా ఒంటబట్టించుకున్నది అమ్మకందారులేనని నా అభిప్రాయం. ఆశ పెట్టే మాటను ప్రజల భాషలో రాస్తారు, బాధ్యత గుర్తుచేసే మాటను మాత్రం ప్రజలకు రాని భాషలో రాస్తారు. అందుకే నాకు రెండు అసైన్‌మెంట్లూ ఒకే విషయానికి రెండు కొసలుగా కనిపించాయి. మొదటిదానిలో అక్షరాస్యతను సంతకంతో కాక ఒక కరపత్రం అడుగు వరకు చదవగలగడంతో కొలవాలని రాశాను. రెండవదానిలో ఆ అడుగు భాగం ఎందుకు అలా ఉందో రాశాను.

వాటిని ఇవ్వడానికి విభాగం గదికి వెళ్లినప్పుడు జరిగినది తలచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. లెక్చరర్ గారు నిలబడే నాలుగు పేజీలు తిప్పి, "ఇది ఎక్కడి నుంచి ఎత్తావమ్మా?" అని అడిగారు. నేనే రాశానని చెప్పాను. గదిలో మరో ఇద్దరు లెక్చరర్లు, గుమ్మం దగ్గర నా తోటి విద్యార్థులు ఉన్నారు. ఆయన ఒక వాక్యం బిగ్గరగా చదివి, తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి ఇటువంటి వాక్యం రాయగలదా అని వారిని అడిగారు. వారు నవ్వారు. తర్వాత అత్త అడిగిన ప్రశ్న ఉన్న పేజీ దగ్గర ఆగి, దాన్ని యాసతో సహా చదివి, మళ్లీ నవ్వించారు. "మీ ఊరి ఆడవాళ్ల మాటలు అసైన్‌మెంట్ అవుతాయా? ఇది ఏ పుస్తకంలో ఉంది?" అంటూ ఆ పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టారు. కాపీ కొట్టానన్నారు, అది ఏ పుస్తకంలోనూ లేదనీ అన్నారు. ఈ రెండు నిందలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆ గదిలో ఎవరూ ఆయనను అడగలేదు.

నన్ను అన్నందుకు కలిగిన బాధ కన్నా, ఆ గదిలో లేని మనిషి మాటను నవ్వులపాలు చేసినందుకు కలిగిన బాధ ఎక్కువ. ఆమె తెలియనిది తెలుసుకోవడానికి అడిగింది. ఏడాది పొడవునా అక్షరాస్యత మీద ఉపన్యాసాలు ఇచ్చే చోట ఆ ప్రశ్నకు దక్కిన గౌరవం అది. గురజాడ అప్పారావు గారు 'కన్యాశుల్కం'లో ఈ ఊరి మనుషుల మాటను ఉన్నదున్నట్టు నిలిపారని ప్రతి వేదిక మీదా గొప్పగా చెప్పుకునే ఊరిలో, ఈ ప్రాంతపు యాస ఒక అసైన్‌మెంట్‌లో కనబడితే నవ్వడం సిగ్గుపడవలసిన విషయం. నాతోపాటు ఇచ్చినవారిలో చాలామంది కళాశాల పక్కనున్న జెరాక్స్ షాపులో దొరికే సిద్ధమైన ప్రతిని కొని, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చారు. వారిని ఎక్కడి నుంచి ఎత్తారని ఎవరూ అడగలేదు. మా తరగతిలో ఒక మనిషితో మాట్లాడి రాసినది నేను ఒక్కదాన్నే, ఆ మాట గర్వంగానే చెబుతున్నాను.

పుస్తకంలో ఉందా అన్న ప్రశ్నకు పుస్తకంతోనే జవాబు చెప్పాలని జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కూర్చున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రకటనలో ప్రధానమైన మాట ఏ భాషలో ఉంటే షరతుల వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలని, అది స్పష్టంగా చదవగలిగేలా ఉండాలని, కొనేవారికి తెలియవలసిన ముఖ్య సమాచారాన్ని దాచడానికి దాన్ని వాడకూడదని అందులో ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. మా అత్త అడిగినది సరిగ్గా ఈ నిబంధన ఎందుకు పుట్టిందో చెప్పే ప్రశ్నే.

అక్షరాస్యత భాగానికి దూబగుంట అనే ఊరి కథను జోడించాను. 1990 తర్వాతి తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరిలో రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లు తమ వాచకంలోని పాఠం చదివి సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. ఊరి ఆడవాళ్ల మాటలు ఎక్కడికి చేరగలవో చూపడానికి ఇంతకన్నా మరో ఉదాహరణ వెతకనవసరం లేదు. ఎర్ర గీత కొట్టిన పేజీని తీసివేయమన్నా తీసివేయలేదు. దాన్ని అలాగే తిరిగి రాసి, దాని పక్కన మార్గదర్శకాల భాగాన్ని పెట్టాను.

ఈసారి అది చేతికిచ్చి ఊరుకోలేదు. నాది కాదనే అనుమానం ఉంటే వైవా, అంటే మౌఖిక పరీక్ష, పెట్టమని విభాగాధిపతి గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను. వైవాకు వేరే విభాగం మేడమ్ గారు కూర్చున్నారు. ఆమె ఆ కరపత్రం చేతిలోకి తీసుకుని, అడుగు భాగాన్ని కళ్లద్దాలు సవరించుకుని చదవడానికి ప్రయత్నించి, దీన్ని పెద్దది చేసి జతచేయమన్నారు. అదొక్కటే మార్పు.

ఇప్పుడు రాసేవారికి నేను చెప్పేవి ఇవి. అంశం ఎలా రాయబోతున్నారో ముందే ఒక కాగితం మీద రాసి సంతకం చేయించుకోండి, నోటిమాటను నమ్మకండి. ఇచ్చిన తేదీతో రశీదు అడగండి, ఇవ్వకపోతే రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. కరపత్రాలు పారేయకండి, ఫోటో మాత్రమే ఉంటే అక్షరాల పరిమాణం తెలియదు. జెరాక్స్ షాపు దరిదాపులకు వెళ్లకండి. ఊరిలో ఎవరినైనా అడిగితే, పని అయ్యాక వారు అడిగిన దానికి జవాబు పట్టుకుని తిరిగి వెళ్లండి. నేను వెళ్లి ఆ కింది వరుసలన్నీ సంఘంలో తెలుగులో చదివి వినిపించాను, మోసం అనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చని చెప్పాను. అప్పు తీసుకునే ముందు ప్రతి కాగితం తెచ్చి చూపిస్తామన్నారు, ఇద్దరు ఇప్పటికే తెచ్చారు.

మార్కులు కూడా వచ్చాయి. ప్రకటనల అసైన్‌మెంట్‌కు మేడమ్ గారు వేసినవి బాగానే ఉన్నాయి. అక్షరాస్యత దానికి మాత్రం షాపులో కొన్న ప్రతికి పడిన వాటికన్నా తక్కువ పడ్డాయి, కారణం అడిగితే చెప్పలేదు. పునఃపరిశీలన కోరుతూ అర్జీ పెట్టాను, ముద్ర వేసిన రెండవ ప్రతి నా దగ్గర ఉంది.