డాంగిల్ పట్టుకుని షెన్‌జెన్ రోడ్ల మీద

2011 చివర్లో షెన్‌జెన్‌లో చేరినప్పుడు నా ఉద్యోగం ఏమిటో ఇంట్లోవాళ్ళకి చెప్పడం కష్టంగా ఉండేది. చదువు ప్రకారం రేడియో ఇంజనీర్‌ని. కానీ టవర్లు ఎక్కడ పెట్టాలో చూడటం నా పని కాదు. ఇండియా నుంచి, అప్పుడప్పుడు గల్ఫ్ నుంచి, మొబైల్ కంపెనీలవాళ్ళు చైనా వచ్చేవాళ్ళు. వాళ్ళని వ్యాన్‌లో ఎక్కించుకుని, టీడీ-ఎల్‌టీఈ అనే 4జీ పద్ధతి నిజంగా పనిచేస్తోందని రోడ్డు మీద తిప్పి చూపించాలి. రెండేళ్ళు అదే చేశాను. మా కంపెనీ బేస్ స్టేషన్లు, అంటే టవర్ల దగ్గర ఉండి ఫోన్లతో మాట్లాడే పరికరాలు, తయారుచేసేది. పేరు ఇక్కడ అవసరం లేదు.

అసలు చైనావాళ్ళకి ఇంతమందిని పిలిచి చూపించాల్సిన అవసరం ఏమొచ్చింది? దానికి ముందు కథ ఉంది. 3జీ కోసం వాళ్ళు టీడీ-ఎస్‌సీడీఎంఏ అని సొంత ప్రమాణం తయారుచేసుకున్నారు. 2009 జనవరిలో లైసెన్సులు ఇచ్చినప్పుడు దేశంలో అతి పెద్ద మొబైల్ కంపెనీ చైనా మొబైల్‌కి అదే వచ్చింది. చైనా యూనికామ్‌కి మాత్రం ప్రపంచమంతా వాడే డబ్ల్యూసీడీఎంఏ దక్కింది. టీడీ-ఎస్‌సీడీఎంఏని బయటి దేశాలు పెద్దగా తీసుకోలేదు. మార్కెట్ ఒక్క దేశానికే పరిమితమైతే చిప్‌లు చేసేవాళ్ళు తగ్గుతారు, మంచి ఫోన్లు ఆలస్యంగా వస్తాయి. ఐఫోన్ యూనికామ్‌లో 2009లోనే వచ్చింది. చైనా మొబైల్‌లోకి రావడానికి 2014 జనవరి దాకా పట్టింది. మా ఆఫీసులో పెద్దవాళ్ళు ఈ మాట ఎత్తితే గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అంత బాధ పడ్డారు.

అందుకే 4జీకి వచ్చేసరికి ముందు తోడు వెతుక్కున్నారు. 2011 ఫిబ్రవరిలో బార్సిలోనాలో చైనా మొబైల్, భారతీ ఎయిర్‌టెల్, సాఫ్ట్‌బ్యాంక్, వోడాఫోన్ లాంటివాళ్ళు కలిసి జీటీఐ అనే వేదిక పెట్టుకున్నారు. అంతకుముందే, 2010 షాంఘై ఎక్స్‌పోలో టీడీ-ఎల్‌టీఈ నెట్‌వర్క్ పెట్టి జనానికి చూపించారు. మన దేశం ఇందులోకి రావడానికి కారణం 2010 వేలం. 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 20 మెగాహెర్ట్జ్ ముక్కలు అమ్మారు. ప్రభుత్వానికి 38 వేల కోట్ల రూపాయలకి పైగా వచ్చింది. ఆ వేలంలో క్వాల్‌కామ్ కూడా పాడి ఢిల్లీ, ముంబయి, హర్యానా, కేరళ తీసుకుంది. చిప్‌లు అమ్మే కంపెనీకి స్పెక్ట్రమ్ ఎందుకు? ఆ బ్యాండ్ వైమాక్స్ అనే పోటీ టెక్నాలజీ చేతికి పోకుండా, టీడీ-ఎల్‌టీఈకి దారి తెరుచుకోవాలని. ఒక టెక్నాలజీ మీద నమ్మకంతో అంత డబ్బు పెట్టడం నాకు అప్పుడూ గొప్పగా అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అతిథులు ఎక్కువగా హాంకాంగ్‌లో దిగి, సరిహద్దు దాటి వచ్చేవాళ్ళు. మొదటి రోజు షోరూమ్. గోడ నిండా తెరలు, కింద గాజు పెట్టెల్లో పరికరాలు, పక్కన మైకు పట్టుకున్న అమ్మాయి. తర్వాత మీటింగ్ రూమ్‌లో స్లైడ్లు. సాయంత్రం విందు. రెండు చేతులతో విజిటింగ్ కార్డులు ఇచ్చిపుచ్చుకోవడం, గ్లాసు ఎత్తి "గాన్‌బే" అనడం. ఇవన్నీ మర్యాదలు, కాదనను. కానీ షోరూమ్ చూసి ఎవరూ నెట్‌వర్క్ కొనరు. రెండో రోజు ఉదయం వ్యాన్ ఎక్కాకే అసలు పని మొదలయ్యేది. అజెండాలో దానికి గంట కేటాయిస్తే, నేను పోట్లాడి రెండున్నర గంటలు చేయించుకున్నాను.

తిండి సంగతి కూడా నాదే. మనవాళ్ళలో శాకాహారులు ఉంటే ముందు రోజే హోటల్‌కి వెళ్ళి వంటవాళ్ళతో మాట్లాడేవాణ్ణి. "సూ" అంటే శాకాహారం. ఆ మాట ఒక్కటే చెబితే సరిపోదు. ఆకుకూర వేయించి తెస్తారు, పైన పోసింది ఆయిస్టర్ సాస్. కాబట్టి అది వద్దు, చికెన్ పొడి వద్దు అని ఒక్కొక్కటీ చెప్పాలి. మా అమ్మ పంపిన కందిపొడి సీసా ఎప్పుడూ నా బ్యాగులో ఉండేది. చర్చలు బాగా సాగాయా లేదా అన్నది మధ్యాహ్నం వచ్చిన అతిథి కడుపు నిండా తిన్నాడా లేదా అన్నదాని మీద ఎంత ఆధారపడుతుందో నేను కళ్ళారా చూశాను.

2012 మొదట్లో వచ్చిన ఒక బృందంలో గుంటూరు ఆయన ఒకరున్నారు. యాభై దాటిన మనిషి, ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజీల రోజుల నుంచి ఈ రంగంలో ఉన్నారు. షోరూమ్‌లో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వ్యాన్‌లో నా పక్క సీట్లో కూర్చుని, నేను తెలుగువాణ్ణని తెలిశాక, "ఏ ఊరయ్యా?" అన్నారు. రేపల్లె అని చెప్పాను. "అయితే నీకు సింగిల్ లైన్ బాగా తెలుసు కదా" అన్నారు. తెనాలి నుంచి రేపల్లెకి ఒకటే పట్టా. ఆయన ఆ మాట రైలు గురించి అన్నారో టీడీ-ఎల్‌టీఈ వాడే టీడీడీ పద్ధతి గురించి అన్నారో కాసేపు అర్థం కాలేదు. రెండింటి గురించీ అన్నారు.

అప్పటిదాకా మనం వాడిన మొబైల్ నెట్‌వర్కులు చాలావరకు డబుల్ లైన్ లాంటివి. ఫోన్ నుంచి టవర్‌కి ఒక ఫ్రీక్వెన్సీ, టవర్ నుంచి ఫోన్‌కి ఇంకొకటి. టీడీడీలో లైన్ ఒక్కటే. కాసేపు టవర్ నుంచి కిందికి, కాసేపు ఫోన్ నుంచి పైకి. ఎల్‌టీఈలో ఆ వంతు ఒక్కోటి ఒక మిల్లీసెకను. జనం పంపేదాని కన్నా దింపుకునేది ఎక్కువ కాబట్టి కిందికి మూడు వంతులు, పైకి ఒక వంతు అన్నట్టు పంచుకోవచ్చు. జంట స్పెక్ట్రమ్ దొరకని చోట ఇది వరమే. కానీ సింగిల్ లైన్‌కి ఒక షరతు ఉంది, స్టేషన్ మాస్టర్ల గడియారాలన్నీ కలవాలి. పక్కపక్క బేస్ స్టేషన్ల మధ్య టైమింగ్ తేడా 3 మైక్రోసెకన్లు దాటకూడదు. అందుకే బేస్ స్టేషన్ ఉన్న ప్రతి సైట్ మీదా పుట్టగొడుగులాంటి చిన్న జీపీఎస్ యాంటెన్నా ఉంటుంది. ఆ టైమ్ ఆకాశం నుంచి వస్తుంది.

ఆ రోజు మా క్యాంపస్ చుట్టూ ఉన్న రోడ్ల మీద, మా సొంత టెస్ట్ నెట్‌వర్క్‌లో తిరుగుతున్నాం. ల్యాప్‌టాప్‌కి నెట్ ఇచ్చే డాంగిల్ పెట్టి, డౌన్‌లోడ్ నడుపుతూ, ఇంకో తెర మీద హై డెఫినిషన్ వీడియో పెట్టాను. 50, 60 మెగాబిట్ల దగ్గర గీత ఆడుతోంది. ఒక సిగ్నల్ లైటు దాటగానే వీడియో ఆగిపోయింది. సిగ్నల్ బలం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. అప్‌లోడ్ సున్నా. నా గుండె జారిపోయింది. ముందు సీట్లో ఉన్న మా మేనేజర్ డ్రైవర్‌కి చైనీస్‌లో చెప్పేశాడు, ఆపకుండా ముందుకి పోనిమ్మని.

గుంటూరు ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఆపించు. ఇది చూద్దాం" అన్నారు.

ఆపించాను. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. లాగ్ తెరిచి ఆయన ముందే చదివాం. ఆపరేషన్స్ రూమ్‌కి ఫోన్ చేస్తే తేలింది, పక్క బిల్డింగ్ మీద సైట్‌కి జీపీఎస్ తెల్లవారుజాము నుంచి లేదు. యాంటెన్నా కేబుల్ కనెక్టర్ వదులైంది. కొన్ని గంటలు సొంత గడియారం మీద నెట్టుకొచ్చి, తర్వాత తప్పటడుగు వేసింది. పక్క సైట్లు ఫోన్ల మాట వినాల్సిన సమయంలో ఇది గట్టిగా మాట్లాడుతోంది. ఆ ఒక్క సైట్‌ని ఆఫ్ చెయ్యమన్నాను. రెండు నిమిషాల్లో గీత మళ్ళీ లేచింది. నలభై నిమిషాలు ఆ రోడ్డు పక్కనే ఉన్నాం. ఆయన సైట్‌ని మళ్ళీ ఆన్ చేయించి, పడిపోవడం చూసి, మళ్ళీ ఆఫ్ చేయించి, లేవడం చూశారు. తర్వాత జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి రాసుకున్నారు.

సాయంత్రం మా మేనేజర్ నా మీద కోపంగానే ఉన్నాడు. మర్నాడు చర్చల్లో గుంటూరు ఆయన ఆ నోటు పుస్తకం తెరిచి వరసగా అడిగారు. జీపీఎస్ పోతే సైట్ తనంతట తాను ఎన్ని గంటల్లో ఆఫ్ అవుతుంది? ఫైబర్ మీద టైమ్ పంపే ఏర్పాటు ఉందా? మా దగ్గర రోజుకి నాలుగు గంటలు కరెంటు పోతుంది, జనరేటర్ మీదికి మారేటప్పుడు గడియారాల సింక్ ఉంటుందా? చైనాలో బయట 2600 మీద నడుపుతున్నారు, 2300ని భవనాల లోపలికే ఉంచారు కదా, మా దేశంలో బయటా లోపలా 2300 ఒక్కటే, దాని లెక్కలేవి? ఆ గదిలో అంత మంచి ప్రశ్నలు నేను అంతకుముందు వినలేదు. మా వాళ్ళు కొన్నిటికి అక్కడే జవాబిచ్చారు, కొన్నిటికి రెండు వారాలు గడువు అడిగారు. ఆ రెండు వారాలు మా టీమ్ సరిగ్గా నిద్రపోలేదు. అప్పటి నుంచి ప్రతి బృందానికీ జీపీఎస్ తీసేసి చూపించడం మా డెమోలో భాగం చేశాను. మేనేజర్ కూడా ఒప్పుకున్నాడు.

అదే ఏడాది హాంగ్‌జౌ కూడా తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ చైనా మొబైల్ బీఆర్‌టీ బస్సుల్లో టీడీ-ఎల్‌టీఈ పెట్టి, లోపల జనానికి వైఫైగా ఇచ్చింది. టికెట్ కొని ఎక్కితే చాలు. స్కూలు పిల్లలు, కూరగాయల సంచులతో ముసలమ్మలు, మధ్యలో మా అతిథులు స్పీడ్ టెస్ట్ చేసుకుంటూ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన డెమో అది. అక్కడ మేము చేయగలిగింది ఏమీ లేదు, దాచగలిగిందీ ఏమీ లేదు.

ఒక్క ప్రశ్నకి మాత్రం మా దగ్గర జవాబు ఉండేది కాదు. "ఫోన్ ఏదయ్యా?" అప్పటికి మేం చూపించేవి డాంగిళ్ళు, ఇంట్లో పెట్టుకునే డబ్బాలు. ఎల్‌టీఈలో పాత పద్ధతి వాయిస్ కాల్ లేదు. మాట్లాడాలంటే 2జీకో 3జీకో దిగాలి, లేదా మాటని కూడా డేటాగా పంపాలి. అది ఇంకా స్లైడ్లలోనే ఉంది. 2012 ఏప్రిల్ 10న కోల్‌కతాలో ఎయిర్‌టెల్ దేశంలో మొదటి 4జీ మొదలుపెట్టింది, ఇదే టీడీ-ఎల్‌టీఈ, ఇదే 2300. కపిల్ సిబల్ ప్రారంభించారు. షెన్‌జెన్ ఆఫీసులో మా ఇండియా టీమ్ అంతా స్వీట్లు పంచుకుంది. కానీ అక్కడ కూడా డాంగిళ్ళే. గుంటూరు ఆయన వెళ్ళేముందు హాంకాంగ్ సరిహద్దు దగ్గర వ్యాన్ దిగుతూ, "మామూలు మనిషి చేతిలోకి ఎప్పుడొస్తుందో అప్పుడు చెప్పు" అన్నారు.

2013 చివర్లో నేను తిరిగి వచ్చేశాను. ఆ డిసెంబర్‌లోనే చైనాలో 4జీ లైసెన్సులు ఇచ్చారు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. మరుసటి సంక్రాంతికి ఊరెళ్ళాను. అమ్మ కొత్త ఫోన్‌లో హైదరాబాద్‌లో ఉన్న మా అక్కతో వీడియోలో మాట్లాడుతోంది. కాల్ అయ్యాక ఫోన్ తీసుకుని సర్వీస్ మెనూ తెరిచాను. బ్యాండ్ 40. అంటే 2300, టీడీడీ. మా రేపల్లెలో, మా వంటింట్లో. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. అమ్మ కంగారుగా "ఏమైందిరా?" అంది.

డాబా మీదికి వెళ్ళి గుంటూరు ఆయనకి ఫోన్ చేశాను. అప్పటికి రిటైర్ అయ్యారు. "సార్, వచ్చింది. మా అమ్మ చేతిలో ఉంది" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి అడిగారు, "అప్‌లోడ్ ఎంత వస్తోంది?"