నలభై ఏడో చెట్టు పేజీ

ఆదివారం. పొద్దున్న ఏడింటికే నరసాపురం రేవులో పంటు ఎక్కాను. మోటార్ సైకిళ్ల మధ్య సందు చేసుకుని రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. చేతిసంచిలో సావనీర్ కాగితాలు, నా హాస్టల్ రూమ్మేట్ కోసం పావుకిలో కాజాలు.

వారం నుంచీ ఈ కాగితాలతోనే కాపురం. ఆంధ్రా యూనివర్సిటీ 1926 లో బెజవాడలో మొదలై 1930 లో వాల్తేరు చేరింది. నూరేళ్లు నిండుతున్నాయి కదా అని మేం పాతవాళ్లం కొందరం సొంతంగా చిన్న పుస్తకం వేసుకుంటున్నాం. ఏ దశకంలో చదివినవాళ్లు ఏం సాధించారో అందులో ఉంటుంది. బోటనీ వాళ్లవి సేకరించే పని నాకు పడింది.

పుస్తకంలో ముందు పేజీలు రాయడం నాకు పండగలా ఉంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి రాస్తూ రెండుసార్లు ఆగిపోయాను. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చి, జైళ్లకి వెళ్లొచ్చి, ఆ తర్వాత వాల్తేరులో చదువుకుంది. ఆడపిల్లలకి హాస్టల్ లేదంటే తనలాంటి అమ్మాయిల్ని కూడగట్టి వసతి ఏర్పాటు చేసింది. రాజ్యాంగ సభ, 1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, ఇవన్నీ తర్వాతి సంగతులు. 1983 లో మేమిద్దరం ట్రంకుపెట్టెలతో దిగిన లేడీస్ హాస్టల్ వెనక ఈ కథ ఉందని అప్పుడు మాకు తెలీదు. సి.ఆర్. రావుగారిది ఇంకో తరహా. ఇక్కడ గణితం ఎమ్మే చేసి, స్టాటిస్టిక్స్ వైపు తిరిగి, 1945 లో అచ్చయిన ఒక్క పేపరుతో లోకమంతా పేరు తెచ్చుకున్నారు. అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చేటప్పటికి, 2023 లో, ఆయన వయసు 102.

మా దశకానికి వచ్చేసరికి ఫారాలు మొదలయ్యాయి. హోదా, సంస్థ, అవార్డులు అని మూడు గడులు. మగవాళ్లవి గడులు దాటి అంచుల్లోకి పాకాయి. నా రూమ్మేట్ ఫారంలో మాత్రం హోదా దగ్గర 'గృహిణి' అని రాసి, మిగతా రెండింట్లో గీత గీసేసింది. మా బాచ్‌లో ఫస్ట్ వచ్చిన పిల్ల అది! ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ లెక్కకట్టే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చేస్తుంటే, "ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావేనే" అని మాకు చెప్పింది అదే. పీహెచ్‌డీ చేస్తుందనే అందరం అనుకున్నాం. ఎమ్మెస్సీ ఆఖరి పరీక్ష అయిన నెలకి పెళ్లి.

ఫోన్ చేస్తే "ఏముందే రాయడానికి" అంది. అందుకే బయల్దేరాను.

సఖినేటిపల్లిలో దిగి ఆటోలో వాళ్లింటికి వెళ్లేసరికి తోటలో కొబ్బరికాయల దింపు తీయిస్తున్నారు. అన్నయ్యగారు కాయలు లెక్కపెట్టిస్తున్నారు. అది చెట్ల కింద తిరుగుతూ ఒక్కో చెట్టు దగ్గరా ఆగి పొడుగాటి లెక్కల పుస్తకంలో రాసుకుంటోంది. మొదళ్లకి తెల్ల రంగుతో నంబర్లు. "కాయలన్నీ ఒకే రాశి పోస్తారుగా, చెట్టుకెన్నో ఎందుకే నీకు?" అన్నాను. "రాయకపోతే ఏ చెట్టు ఎలాంటిదో ఎలా తెలుస్తుందీ?" అంది, నేనే తెలివితక్కువగా అడిగినట్టు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పుస్తకాలన్నీ అరుగు మీద పెట్టించుకుని చూశాను. తొమ్మిది ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి వాళ్ల తోటలో పంతొమ్మిది చెట్లే నిలబడ్డాయట. కోనసీమ మొత్తం మీద ఎన్ని లక్షలు కూలాయో అందరం చూసిందే. మళ్లీ నాటేటప్పుడు అందరూ దొరికిన మొక్క తెచ్చి పెట్టేస్తుంటే, ఇది మాత్రం నిలబడ్డ పంతొమ్మిది చెట్ల కాయలే విత్తనానికి ఏరించింది. ఏ కాయ ఏ తల్లి చెట్టుదో రాసి పెట్టింది. అంత గాలికి తట్టుకున్నదాంట్లో ఏదో ఉండే ఉంటుందని దాని ఆలోచన. వాళ్లత్తగారు "ఇదేం పిచ్చే అమ్మాయ్" అన్నారట. అంటూనే నీళ్లు ఆవిడే పోయించారట.

చెట్టుకో పేజీ. నలభై ఏడో చెట్టు పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. 1997 ఆగస్టు నాటు. తల్లి చెట్టు ఆరు. 1999: కొమ్ముపురుగు, మూడు మట్టలు. పక్కన చిన్న బొమ్మ. మొవ్వులో ఉండగానే పురుగు కొరికిన ఆకు, విచ్చుకున్నాక కత్తెర పెట్టి విసనకర్రలా కోసినట్టు ఉంటుంది కదా, అచ్చం అలాగే పెన్సిల్‌తో వేసింది. 2004: తొలి గెల. దాని కింద ప్రతి దింపుకీ కాయల లెక్క. 2018: తెల్లదోమ, ఆకు మీద మసి. ఆ ఏడు కాయలు సగానికి పడిపోయాయి. మందు కొట్టించలేదు, మిత్రపురుగులు చస్తాయని. రెండేళ్లకి లెక్క మళ్లీ పైకి లేచింది. ఎమ్మెస్సీ రికార్డుల్లో చూసిన అదే గుండ్రటి దస్తూరి.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పాను. నా రిటైర్మెంట్ సభలో శాలువా కప్పారు. ఇన్నేళ్లు ఒక్క ప్రయోగాన్ని వదలకుండా చేసింది మాత్రం మా బాచ్ మొత్తంలో ఇదొక్కతే. మూడు గడులు వేసి ఫారం పంపింది నేనే. ఆ గడుల్లో ఈ తొమ్మిది పుస్తకాలు ఎక్కడ పడతాయి? అసలు ఏం అడగాలో మాకే తెలీలేదు.

"నీకు నిండు పేజీ ఇస్తున్నా, 47 ఫొటోతో సహా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. కాజాల పొట్లం దారం విప్పుతూ, "హోదా దగ్గర గృహిణి అనే ఉంచవే, అది అబద్ధం కాదుగా" అంది. సరేనన్నాను. కింద మిగతాది నేను రాస్తానన్నాను.

సాయంత్రం పంటు ఆలస్యమైంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా టైపు చేయడానికి కూర్చున్నాను. 'తుపాను తర్వాత తానే ఎంచిన విత్తనంతో పెంచిన 112 చెట్ల వివరాలు నేటికీ నమోదు చేస్తున్నారు' అని రాసి, చూడమని వాట్సాప్ చేశాను.

తొమ్మిదిన్నరకి ఫోన్. "112 కాదే. మూడు పిడుగు పడి పోయాయి, పోయినేడు కొట్టించేశాం. 109 అని మార్చు. అలాగే 'నేటికీ' తీసేసి ఇవాళ్టి తేదీ వెయ్యి."

మార్చాను.